గంగన్న మామ ఇచ్చిన ఆరువేల మైళ్ళు

ఇందులో ప్రతి మాటా నిజం. పెన్న మీద ఒట్టు పెడదామంటే ఏట్లో నీళ్ళుండవు, ఇసుక మీద పెట్టిన ఒట్టు చెల్లదు. అందుకని ప్రొద్దుటూరు కారం దోశ మీద ఒట్టు. అబద్ధమైతే దాన్ని మళ్ళీ ముట్టను.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులు. ఎన్నికల నామినేషన్లు మొదలు కావలసిన వారం. ప్రొద్దుటూరులో ఒక ట్రావెల్ ఏజెన్సీలో నేను సీనియర్ టికెటింగ్ క్లర్కును. నా కింద జూనియర్ ఎవరూ లేరు, అయినా బల్ల మీది పేరు చెక్క మీద సీనియర్ అనే ఉండేది. అప్పటికి మా పక్క నాటుబాంబులు తగ్గి టెండర్లు పెరిగినాయి. పాత పగలు మాత్రం ఎక్కడివక్కడే.

ఒక మధ్యాహ్నం మూడింటికి జమ్మలమడుగు పక్కనుంచి ఓబులయ్య మామ రెండు సుమోల మనుషులతో దిగినాడు. మరుసటి రోజు మధ్యాహ్నం రెండింటికి ఢిల్లీలో పార్టీ పెద్దల ముందు కూర్చోవాలి. కూర్చుంటే పార్టీ టికెట్ ఆయనకు, లేకుంటే ఇంకొకరికి. ముప్పై ఏండ్ల రాజకీయం ఆ ఒక్క కుర్చీ మీద ఆగింది.

బెంగళూరు నుంచి పొద్దున విమానంలో డబ్బుకు అమ్మే సీట్లన్నీ నిండిపోయినాయి. అయితే విమానాల వాళ్ళు కొన్ని సీట్లను డబ్బుకు కాక, తరచుగా తిరిగేవాళ్ళ ఖాతాలో జమయ్యే మైళ్ళకు ఇస్తారు. అలాంటిది ఒకటి మిగిలింది. దానికి పదిహేనువేల మైళ్ళు కావాలి. ఓబులయ్య మామ ఖాతాలో తొమ్మిదివేలే ఉన్నాయి.

తక్కువ పడినవి కంపెనీ దగ్గరే కొనొచ్చు గానీ, అవి ఖాతాలో పడేసరికి రెండు మూడు రోజులు. ఇంకొక సభ్యుడి ఖాతా నుంచి ట్రాన్స్‌ఫర్ చేయిస్తే వెంటనే పడతాయి. ఇచ్చేవాడి ఫోనుకు ఒక నంబరు వస్తుంది, అది ఆయన నోటితో చెప్పాలి. సాయంత్రం ఆరు దాటితే సీటు పోతుంది.

ట్రాన్స్‌ఫర్ అనే మాట చెవిన పడగానే ఓబులయ్య మామ ముఖం వెలిగింది. "అంతేనా! యాడికి ట్రాన్స్‌ఫరు? మాజీ మంత్రితో లెటరు రాయిస్తా."

ఇది ఎమ్మార్వో ట్రాన్స్‌ఫర్ కాదు, మైళ్ళదని చెప్పడానికి పావుగంట పట్టింది. అప్పటికీ ఒక అనుచరుడు లెటర్‌హెడ్ సిద్ధంగానే పట్టుకున్నాడు.

మా రిజిస్టరులో అన్ని మైళ్ళున్న ఖాతా ఒకటే. పులివెందుల గంగన్న మామది. నాపరాళ్ళ వ్యాపారం మీద బొంబాయికి, ఢిల్లీకి తిరిగేవాడు. సభ్యత్వం నేనే రాయించినాను, కార్డు ఇచ్చిన నాడే ఆయన అదేందో చూడకుండానే డ్రైవరుకు ఇచ్చేసినాడు. వేరే పార్టీ. ఓబులయ్యకూ ఆయనకూ పదేండ్లుగా మాటల్లేవు. ఒకరు పోయే దారిన ఇంకొకరు పోరు.

ఆ పేరు వినగానే సుమోల వాళ్ళందరూ నన్ను చూసినారు. ఓబులయ్య మామ గడియారం చూసి, "చెయ్యి" అన్నాడు.

ఫోన్ చేసినాను. "మామా, ఓబులయ్య మామకు ఆరువేల మైళ్ళు కావల్లంట. మీ దాంట్లో ఉండాయి."

అవతల గంగన్న మామ ముందు దూరం లెక్క అడిగినాడు.

"ఆరువేల మైళ్ళంటే యాడిదాకా పోతాడప్పా?"

"సముద్రాలు దాటొచ్చు మామా."

"మల్ల తిరిగొచ్చేదానికి?"

"దానికి వేరే కావల్ల."

"శానా మంచిది. ఏసుకో. ఇంకో వెయ్యి ఎక్కువే ఏసుకో. తిరిగొచ్చేదానికి మాత్రం నన్ను అడగొద్దు, చెప్తాండా!"

నంబరు ఆయనే గట్టిగా చదివినాడు. నేను అబద్ధమేమీ ఆడలేదు, ఆయన అనుకున్నదాన్ని దిద్దనూ లేదు. ఐదూ నలభైకి సీటు ఖాయమైంది.

మూడోనాడు ఓబులయ్య మామ పార్టీ టికెట్‌తో, డబ్బుకు కొన్న విమానం టికెట్‌తో తిరిగొచ్చి జమ్మలమడుగులో దండలు వేయించుకున్నాడు. ఆ సాయంత్రమే గంగన్న మామ పులివెందులకు రమ్మని నాకు కబురు పెట్టినాడు. పోయినాను. గుమ్మంలోనే నిలబెట్టి అడిగినాడు.

"ఏందప్పా, ఆరువేల మైళ్ళు పోయినోడు మూడ్నాళ్ళకే వచ్చి ఊరేగుతాండాడే?"

నేను తొణకలేదు. "పోయేదానికి మీరిస్తిరి మామా. వచ్చేదానికి ఇయ్యనంటిరి. ఆయప్ప దుడ్లు పెట్టుకోని వచ్చినాడు. దానికి మేమేం చేసేది?"

గంగన్న మామ మీసం కింద నవ్వి, మజ్జిగ తెప్పించినాడు.

ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఒకటే. కొలత పేరుతో ఉన్న సరుకు కొలత కాదని అమ్మేవాడే ముందు చెప్పాలి. ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా మైళ్ళను పాయింట్లనే అన్నాను.

ఇక ఇందులో నేను కల్పించిన ముక్క ఒకటుంది, అసలు జరిగింది ఇది. నేను పులివెందులకు పోలేదు. కబురు అందగానే కలమల్ల కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా బావమరిది క్వార్టర్సుకు పోయి, ఫోన్ ఆపేసి నాలుగు రోజులు పడుకున్నాను. గంగన్న మామే ప్రొద్దుటూరుకు, మా ఇంటికి వచ్చినాడు. ఆ జవాబు చెప్పింది మా ఆవిడ. మజ్జిగ ఇచ్చిందీ ఆమే.

ఒట్టు తప్పినందుకు జన్మంతా కాదు గానీ, ఒక నెల కారం దోశ బంద్. ఆ శిక్షా ఆమే వేసింది.