మారయ్య ఖాళీ వరుసలు

సకల జనుల సమ్మె రోజుల్లో విజయశ్రీకి పగటికలలు ఎక్కువయ్యాయి. బస్సులు లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె జావాస్క్రిప్ట్ చెప్పే కోచింగ్ సెంటర్‌కు తాళం. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి డప్పుల చప్పుడు మన్సూరాబాద్‌లో వాళ్లింటి దాకా తేలివచ్చేది. ముందుగదిలో తండ్రి మారయ్య నూలు పరుచుకుని ముడులు కడుతుంటే, ఆ వేళ్లను చూస్తూ చూస్తూ తాను మెలకువలో ఉందో నిద్రలో ఉందో ఆమెకే తెలిసేది కాదు.

మారయ్య పోచంపల్లి మనిషి. ఊరు విడిచి పదిహేనేళ్లయినా చిటికి పని విడవలేదు. కట్టినచోట నూలుకు రంగు అంటదు, కట్టనిచోట అంటుతుంది, అదే బొమ్మవుతుంది. ఎక్కడెన్ని ముడులో గళ్ల కాగితం మీద రాసుకునేవాడు. నూలిచ్చి పని చేయించుకునేది ఊళ్లోని సైదులు. రెండేళ్లుగా మారయ్య కళ్లు మసకబారుతున్న సంగతి సైదులుకు తెలియదు. తెలిస్తే నూలు ఇంకొకరింటికి పోతుంది. నూలు లేని తండ్రిని ఊహించుకోవడానికి కూడా విజయశ్రీకి ధైర్యం చాలేది కాదు.

ముడి వేయడం వేళ్లకు వచ్చు. గళ్లు చదవడమే కష్టం. అందుకే ఆ సెలవుల్లో ఆమె ఒక ప్రోగ్రాం రాసింది. కాగితం మీద ఉండేది సగం బొమ్మే, రెండో సగమూ అలాగే కట్టాలి. వరుసకెన్ని ముడులో కంప్యూటర్‌లో కొడితే, అది రెండింతలు చేసి బొటనవేలంత అంకెలతో అచ్చు తీస్తుంది. మారయ్యకొక అలవాటుంది. పై వరుసలాంటిదే మళ్లీ వస్తే అంకె వెయ్యడు, ఖాళీగా వదిలేస్తాడు. ఇంట్లో అందరికీ తెలిసిందే. ఆమె కూడా అలవాటుకొద్దీ ఖాళీని ఖాళీగానే ఎక్కించింది.

అక్కడే కొంప మునిగింది. జావాస్క్రిప్ట్ వట్టి మొహమాటపు భాష. కొన్ని భాషలైతే అంకె ఉండాల్సినచోట ఇంకేదైనా కనిపిస్తే ఒప్పుకోం పొమ్మంటాయి. ఇది కాదనలేదు. ఏదిచ్చినా తనకు తోచినట్టు మార్చుకుని పని కానిచ్చేస్తుంది. ఖాళీని సున్నా అనుకుంది. సున్నాకు రెండింతలు సున్నాయే కదా. ఒక్క ఫిర్యాదు లేదు. ఈ సంగతే క్లాసులో బోర్డు మీద రాసి, జాగ్రత్త జాగ్రత్త అని పిల్లల్ని పోరేది విజయశ్రీయే మరి! ఏం లాభం? అచ్చు కాగితాలు తండ్రి చేతిలో పెట్టి, హాయిగా చాప మీద ఒరిగి, ఎర్రటి నేల మీద తెల్ల ఏనుగులు నడిచిపోతున్నట్టు కలగన్నది.

మారయ్య పన్నెండు రోజులు కట్టాడు. తల్లి యాదమ్మ రంగులో ముంచింది. ఆరాక ముడులు విప్పి పరిస్తే తెల్లటి ఏనుగులే వచ్చాయి. కానీ ఒక్కోదాని నడుం మీద, కాళ్ల మీద అడ్డంగా నిండు ఎర్ర చారలు. సున్నా ఉన్న ప్రతిచోటా ముడి పడలేదు. చూడగానే తప్పెక్కడో విజయశ్రీకి తెలిసిపోయింది. నోరు తెరిచేలోపే వాకిట్లో సైదులు బండి ఆగింది.

సైదులు నూలును అటూ ఇటూ తిప్పి చూసి, ఇన్నేళ్లలో నీ చేతి నుంచి ఇట్లాంటిది చూడలేదన్నాడు.

“కండ్లు మసకైనయ్ సైదులన్నా. వరుసలు అవుపడలే,” అన్నాడు మారయ్య.

రెండేళ్లు దాచిన మాటను, కూతురి తప్పు తన మీద వేసుకోవడానికి అంత తేలిగ్గా చెప్పేశాడు. విజయశ్రీకి ఏడుపు ముంచుకొచ్చింది. తప్పు కళ్లది కాదనీ, తన ప్రోగ్రాందనీ, ఖాళీ అంటే పై వరుసేనని దానికి చెప్పనిది తానేననీ గబగబా చెప్పింది. సైదులుకు సగమే అర్థమైంది. కాగితం ఏం చెబితేనేం, ఏనుగు నడుముకు ముడి లేకుండా పోతుంటే చేతికి తెలియలేదా అని మారయ్యను అడిగాడు.

మారయ్య కూతురి వైపు చూడలేదు.

“మొదటి దినమే తెలిసింది. బిడ్డ సదువుకొని రాసింది, ఎట్ల అడుగుత అనుకొని గట్లనే కట్టిన.”

సైదులు బండి దగ్గరికి పోయి, కొత్త నూలు కట్ట తెచ్చి మారయ్య ముందు పెట్టాడు.

“వేళ్లకు తెలుస్తున్నంక కండ్లతోని ఏం పని. గని గీసారి నోరిప్పు మారయ్యా.”