ఒక ముఖానికి ఒకే పేరు

పొద్దున రొట్టెలు కాల్చే వేళ సత్యభామ ఫోన్ ఆగిపోయింది. ఊరవతల యరమరస్ క్వార్టర్ల నుంచి ఎవరో ఆడమనిషి, కొడుక్కి పెళ్లిచూపులున్నాయి, కడక్ రొట్టెలు కావాలి అని చెబుతోంది. మాట మధ్యలో తెగింది. సిగ్నల్ పోయిందనుకుని సత్యభామ ఫోన్‌ను కిటికీలో పెట్టి, పెనం మీది రొట్టెను తిరగేసింది. మధ్యాహ్నమైనా అది మోగలేదు. రోజూ ఆ సమయానికి తీరిక లేకుండా మోగే ఫోన్ అది.

రాయచూరులో తీన్ కందిల్ చౌరస్తా వెనక గల్లీలో ఆమె రొట్టెలకు పేరుంది. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే పుట్టింటికొచ్చింది. అన్నల మీద ఆధారపడటం ఇష్టంలేక ముందుగదిలో పొయ్యి పెట్టుకుంది. జొన్నపిండిని వేడినీళ్లతో కలిపి, రాతిబండ మీద అరచేత్తో పల్చగా తట్టి, కాల్చి, విరిస్తే ఫెళ్లుమనేదాకా ఆరబెడుతుంది. తోడుగా పక్కింటి గిరిజమ్మ పిండి పిసుకుతుంది. మొదట్లో గల్లీవాళ్లే కొనేవారు. ఫోన్ వచ్చాక బెంగళూరులో ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా మెసేజ్ పెట్టి బస్సులో తెప్పించుకోవడం మొదలుపెట్టారు. ఆమె ఇల్లు గడిచేది ఆ నంబర్ మీదే.

సాయంత్రం ఫోన్ కంపెనీ దుకాణానికి పోయింది. అక్కడ పనిచేసే మేఘ ఆమెకు తెలిసిన పిల్లే. సత్యభామను కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీసింది. కంప్యూటర్ వంక చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"ఆంటీ, మీ ముఖం మీద ఇంకో నంబర్ ఉన్నదంట. వేరే పేరు మీద."

"ఇంకోటి యాడిదమ్మా? నాకున్నది గీ ఒక్కటే."

"రుక్మిణి అని ఉన్నది. మల్లట్ ఊరి అడ్రస్."

సత్యభామ నవ్వింది. "అది నా చెల్లె. మేం కవలలం. మా అమ్మకే ఒకోసారి తెల్వకపోయేది."

మేఘ నవ్వలేదు. ఒకే మనిషి రకరకాల పేర్లతో సిమ్‌లు తీసుకుని మోసాలు చేస్తున్నారని సర్కారు ఒక యంత్రం పెట్టిందట. దేశంలో సిమ్ తీసుకున్న ప్రతి ముఖాన్నీ అది పోల్చి చూస్తుందట. ఒక ముఖం రెండు పేర్లతో కనబడితే ఒక నంబర్‌ను ఉంచి రెండోదాన్ని కట్ చేసేస్తుందట. తమ చేతుల్లో ఏమీ లేదంది మేఘ. పైకి రాస్తానంది. రాసింది కూడా. అర్జీ అందిందని జవాబొచ్చింది. ఆ జవాబు వచ్చింది ఆగిపోయిన నంబర్‌కే గనక సత్యభామకు అది చేరలేదు. మేఘ కంప్యూటర్‌లో చూసి చెప్పింది.

ఫోన్ లేకపోతే ఒక్క రొట్టెలే ఆగుతాయనుకుంది సత్యభామ. బ్యాంకుకు పోతే ఫోన్‌కొచ్చిన నంబర్ చెప్పమన్నారు. గ్యాస్‌వాళ్లూ అదే అడిగారు. పింఛను దగ్గరా అదే. "నేనే వచ్చిన కదా, నన్ను చూడున్రి" అంటే ప్రతిచోటా మర్యాదగానే కూర్చోమన్నారు. కూర్చుంది. లేచి వచ్చింది. గిరిజమ్మ అయితే శాపనార్థాలు పెట్టింది. సత్యభామ తర్వాతి రొట్టెకు పిండి తీసుకుంది.

కంపెనీని అడిగితే సర్కారును అడగమన్నారు. సర్కారు ఆఫీసులో అధికారి వాదిరాజ్ నెమ్మదైన మనిషి. "మీ చెల్లెల్ని తీసుకురండమ్మా, ఇద్దరినీ పక్కపక్కన చూస్తే నేనే రాసి పంపిస్తాను" అన్నాడు.

సత్యభామ గిరిజమ్మ ఫోన్ నుంచి మల్లట్‌కు మాట్లాడింది. అవతల రుక్మిణి కొడుకు అంబరీష్ ఎత్తాడు.

"పెద్దమ్మా, అమ్మను పంపద్దనుకుంటున్న. నీది పోయింది, ఆమెది గూడ గెలికితే పోతది. పొలం కాగితాలు, బ్యాంకు, అన్ని ఆమె నంబర్ మీదనే ఉన్నయి."

వెనక నుంచి రుక్మిణి గొంతు వినబడింది. "ఫోన్ ఇటియ్యిరా. అక్కా, నేనొస్త. రేపు మొదటి బస్సుకే."

అన్నట్టే వచ్చింది. ఆఫీసులో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఒకే నుదురు, ఒకే ముక్కు, కింది పెదవి మీద ఒకేలాంటి గీత. ఎండలో మిరపతోటల వెంట తిరిగి రుక్మిణి కాస్త నల్లబడింది, అంతే. వాదిరాజ్ ఇద్దరినీ చూసి ఆశ్చర్యపోయాడు. పక్క గదివాళ్లను పిలిచి చూపించాడు. వాళ్లూ చూసి ముచ్చటపడ్డారు. కాఫీ తెప్పించారు. తర్వాత ఒక్కొక్కరినీ కెమెరా ముందు నిలబెట్టారు. సత్యభామ నిలబడితే తెర మీద రుక్మిణి పేరొచ్చింది. రుక్మిణి నిలబడినా రుక్మిణి పేరే వచ్చింది.

"కళ్లద్దాలు పెట్టుకుని చూడండమ్మా" అన్నాడు వాదిరాజ్. ఆయన కళ్లద్దాలే తీసి ఇచ్చాడు. సత్యభామ పెట్టుకుంది. మళ్లీ రుక్మిణే.

"ఆగల్లమ్మా" అన్నాడు చివరికి, కన్నడంలో. కాదమ్మా, కుదరదు అని. "నాకు తెలుసు మీరు ఇద్దరని. నా కళ్ల ముందే ఉన్నారు. కానీ ఇద్దరని రాయడానికి ఇందులో చోటు లేదు. ఏది అసలు, ఏది నకలు అని మాత్రమే అడుగుతోంది."

సత్యభామ కళ్లద్దాలు తీసి ఆయన ముందు పెట్టింది. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదు కదా, అట్లా ఉందామెకు. రుక్మిణి మాత్రం లేచి నిలబడింది.

"అయితే నాది తీసెయ్యున్రి సార్. నకలు నేనే అని రాసుకోన్రి. మా అక్క దందా అంతా ఫోన్ల మీదనే నడుస్తది. నాకేంది, నా కొడుకు ఫోన్ల మాట్లాడుత."

"రుక్కూ, కూర్చో."

"నువ్వు ఊకో అక్కా."

వాదిరాజ్ రెండుసార్లు అడిగి, రుక్మిణి చెప్పినట్టే చేశాడు. అక్కచెల్లెళ్లు బస్టాండులో చెరొక మిర్చి బజ్జీ తిన్నారు. రుక్మిణి ఎంతో సంబరంగా బస్సెక్కింది.

సత్యభామ నంబర్ తిరిగి రాలేదు. వివాదంలో ఉన్న ముఖం అని యంత్రం రెండు నంబర్లనూ పక్కన పెట్టేసింది. ఆ ముఖం మీద ఇక కొత్త సిమ్ కూడా రాదని మేఘ చెప్పింది. మల్లట్‌లో అంబరీష్ బ్యాంకు చుట్టూ, పంట నమోదు ఆఫీసు చుట్టూ తిరిగాడు. విత్తనాల సమయం అది. కోపంలో ఒకసారి గిరిజమ్మకు ఫోన్ చేసి, "పెద్దమ్మకు చెప్పు, ఆమె రొట్టెల కోసం మా ఇల్లు మునిగింది" అన్నాడు. గిరిజమ్మ ఆ మాట దాచలేక చెప్పేసింది. సత్యభామ విని, పొయ్యిలో కట్టె ఎగదోసింది.

కొన్ని నెలలకు ఆమె పాత నంబర్‌ను కంపెనీ ఇంకెవరికో ఇచ్చేసింది. రొట్టెల కోసం ఫోన్ చేసినవాళ్లకు ఏదో ఊరి మగమనిషి పలికాడు. మొదట మంచిగానే చెప్పాడట, తర్వాత తిట్టాడట. మెసేజుల్లో రొట్టెల దొంతర బొమ్మ ఉండేచోట మోటారుసైకిల్ మీద కూర్చున్న ఆ మనిషి ఫొటో వచ్చింది. రొట్టెలామె దుకాణం మూసేసిందని యరమరస్‌లో అనుకున్నారు. పోయిందని కూడా కొందరనుకున్నారు. పాత గిరాకీ ఒకడు గల్లీకొచ్చి, ఆమె గడపలో కూర్చుని ఉండటం చూసి, "అయ్యో, ఉన్నవా అమ్మా!" అన్నాడు. "ఉన్న" అంది.

చివరికి గిరిజమ్మ తన పేరు మీద ఇంకో సిమ్ తీసి ఇచ్చింది. ఇప్పుడు ఫోన్ చేస్తే సిమ్ ఎవరి పేరున ఉందో ఆ పేరే అవతలివాళ్లకు కనబడుతోంది. సత్యభామ ఎవరికి చేసినా గిరిజమ్మ అని పడుతుంది. కొత్త గిరాకీలు ఆమెను ఆ పేరుతోనే పిలుస్తారు. మొదట్లో గిరిజమ్మకు సిగ్గేసి, "నేను గాదు, ఆమె సత్యమ్మ" అని సరిచేసేది. సత్యభామ వద్దంది. "ఏం పేరైతేంది, రొట్టెలు అవే గదా."

మొన్న శ్రావణంలో రుక్మిణి చెప్పకుండానే వచ్చింది. అంబరీష్ కోపం చల్లారింది, వాడే బస్సెక్కించాడు. ఆమె చేతిలో కొడుకు పేరున తీసిన సిమ్‌తో ఫోన్ ఉంది. ముందుగదిలో కూర్చుని ముగ్గురూ రొట్టెల పొట్లాలు కడుతుంటే గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడింది.

"గిరిజమ్మ అంటే ఎవరండీ? ఫోన్‌ల మాట్లాడిన."

"నేనే. రా, కూర్చో" అంది సత్యభామ.

అమ్మాయి రొట్టెలు తీసుకుని పోయాక రుక్మిణి అడిగింది. "నీకు కోపం రాదా అక్కా? నాకు రోజూ వస్తది. రాత్రి నిద్రపట్టదు."

సత్యభామ నిజంగానే వెతికి చూసింది తన లోపల.

"వస్తదేమోనని చూస్తున్న రుక్కూ. ఇంకా రాలే" అని, తడిగుడ్డ కప్పిన పిండి ముద్దను ముందుకు లాక్కుంది. గిరిజమ్మ నీళ్లు వేడి అయ్యాయంది. రుక్మిణి కొంగు దోపుకుని, రెండో బండ ముందు కూర్చుని తట్టడం మొదలుపెట్టింది.