నీలిమందు కలిపిన నీళ్ళు

ఇరవై ఏళ్ళకు పైగా ఒక బరువు మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. నా పేరు అడగకండి, రాయాలంటే భయం. తిరువూరులో నన్ను 'సార్' అని పిలిచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ పిలుపు పోతుందేమోనన్నదే నా భయం.

2002 ఎండాకాలంలో బస్టాండు దగ్గర సందులో, పెళ్ళి వీడియోల మిక్సింగ్ యూనిట్లో పనిచేసేవాడిని. ఓనరు ప్రసాద్ గారికి పెళ్ళిళ్ళ గురించి తెలియనిది లేదు, కంప్యూటరు గురించి తెలిసింది లేదు. కొత్త కంప్యూటరుకు ప్రాసెసరు ఎంచే పని నాకు అప్పజెప్పారు. విజయవాడ షాపులో రెండు చూపించారు. ఒకటి మా పనికి సరిగ్గా సరిపోయేది, నిక్షేపంలాంటిది. రెండోదాని వేగం తక్కువే గానీ, కంపెనీ పెట్టిన హద్దు దాటించి పరిగెత్తించవచ్చు. ఓవర్‌క్లాకింగ్ అంటారు. అలా చేస్తే విపరీతంగా వేడెక్కుతుంది. ఫ్యాను చాలదు, నీళ్ళతో చల్లబరచాలి. ఏదో పత్రికలో చదివిన దగ్గర్నుంచి నాకు అదే పిచ్చి. రెండోదే మంచిదని ప్రసాద్ గారికి చెప్పాను. ఎవరికి మంచిది? ఆ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు.

ఇత్తడి సామాన్లకు మాట్లు వేసే ఆయన చేత చిన్న రాగి డబ్బా చేయించి ప్రాసెసరు మీద బిగించాను. ఎయిర్ కూలరు మోటారు, ఒక బకెట్టు, తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే ప్లాస్టిక్ గొట్టం. నీళ్ళు తిరుగుతున్నాయో లేదో కనబడాలని బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు కలిపాను. అంతా బల్ల కింద, గుడ్డ చాటున. ప్రసాద్ గారికి చెప్పలేదు. గొట్టానికి ఇనుప క్లిప్పు వేయాల్సిన చోట సైకిలు ట్యూబు ముక్క చుట్టి కట్టాను. అదీ నా తెలివి.

ఒక శుక్రవారం పొద్దున నాగమణి ఎప్పటిలాగే వచ్చింది. మా దగ్గర ఊడ్చి తుడిచే మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. శుక్రవారం కదా, ముందు గది నీళ్ళతో కడిగి గడపకు పసుపు రాస్తోంది. నేను లోపల కంప్యూటరు ఆన్ చేసి టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కాలిన వాసన. వేడికి గొట్టం మెత్తబడి ఊడిపోయింది. మోటారు మాత్రం నీళ్ళు తోడి బోర్డు మీదా హార్డ్ డిస్కు మీదా పోస్తూనే ఉంది. మర్నాడు ఇవ్వాల్సిన రెండు పెళ్ళిళ్ళు అందులోనే ఉన్నాయి. స్విచ్చు ఆపేశాను. మోటారూ గొట్టమూ రాగి డబ్బానూ సంచిలో కుక్కి, పాత ఫ్యాను తగిలించి, నేల తుడవమని నాగమణిని పిలిచాను. కావాలనే పిలిచానా? ఇన్నేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. కాదని గట్టిగా చెప్పలేను.

ఆమె తుడుస్తుండగా ప్రసాద్ గారు వచ్చారు. కాలిన పెట్టె, తడి నేల, ఆమె చేతిలో గుడ్డ. ఇంక ఏమీ అడగకుండానే తిట్లు లంకించుకున్నారు.

"ఈ గదిలో నేను నీళ్ళు పొయ్యలేదండీ. చూడండి, ఇవి నీలంగా ఉన్నాయి," అంది నాగమణి.

ఆయన నావైపు తిరిగారు. "ఏంటయ్యా ఇది?"

పక్కనే ప్రింటరు ఉంది. "ఇంకు కలిసుంటుందండి," అన్నాను.

తడుముకోకుండా అన్నాను. పనిలోంచి తీసేస్తారన్న భయంతోనే అన్నాను, నిజమే. కానీ అంత భయంలో నోరు అంత సాఫీగా ఎలా తిరిగింది? నన్ను ఇప్పటికీ వణికించేది అదే.

నాగమణిని ఆ పూటే మానిపించారు. కంప్యూటరు తగలబెట్టిన మనిషన్న మాట బజారంతా పాకింది. ఏ షాపువాళ్ళూ పని ఇవ్వలేదు. గంపలగూడెం వైపు పత్తి తీతకు వెళ్తోందని విన్నాను. విని ఊరుకున్నాను. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మాత్రం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడిని.

ఆరేడేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం, గంపలగూడెం వెళ్ళే షేర్ ఆటోలో నాగమణి నాకు ఎదురుగా కూర్చుంది. నన్ను గుర్తుపట్టింది. అందరి ముందూ అడిగేస్తుందనుకున్నాను. ముందుకు వంగి, చిన్నగా అంది.

"ఆ రోజు నా మూలాన మీక్కూడా మాటొచ్చింది కదా సార్. గడప కడిగిన నీళ్ళే లోపలికి పారుంటాయి. చూసుకోలేదు. ఏమనుకోకండి."

నలుగురూ అనగా అనగా ఆమే నమ్మేసింది. ఆటో దిగేలోపు చెప్పడానికి నాకు బోలెడంత దారి ఉంది. నేనేమన్నానో తెలుసా?

"పర్లేదులే అమ్మా."

ఆమెను నేను క్షమించాను!

అబద్ధం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కోస్తుంది. ఆమె ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. వెతకలేదు, ధైర్యం లేదు. ఇది చదివి ఎవరైనా ఆమెకు చెబుతారేమోనని భయం, చెప్పరేమోననీ భయం. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

గడప నీళ్ళు లోపలికి రాలేదు, నాగమణీ. ఆ గది తడిపింది నేను.