పిన్ని విడగొట్టిన నీళ్లు

మా షోళింగనల్లూరు అపార్టుమెంటులో లిఫ్టు పక్కన మొన్న ఒక నోటీసు అంటించారు. పనివాళ్లు, డ్రైవర్లు ఎవరింట్లోనూ నీళ్లు అడగకూడదట. వాళ్లకోసం కింద కార్లు నిలిపే చోట విడిగా ఒక క్యాను పెట్టారట. చివర్న 'సహకరించగలరు' అని మర్యాద కూడాను. చదివేసరికి ఒళ్లు మండిపోయింది. ఈ వయసులో కోపం మంచిది కాదంటాడు మా డాక్టరు. ఆయన మా పిన్ని క్లాసులో కూర్చోలేదు మరి.

పిన్నంటే అమ్మకు చెల్లెలు. పందొమ్మిదివందల యాభైలలో ఇదే నగరంలోని వ్యాసర్పాడిలో మాతోనే ఉంటూ అక్కడి తెలుగు బడిలో సైన్సు చెప్పేది. కొంగునిండా సుద్దపొడి, సంచిలో ఎప్పుడూ ఏదో ఒక గాజుగొట్టం. పెళ్లిచూపులకు కూడా ఆ సంచి పక్కన పెట్టుకునే కూర్చుందని మా జేజి, అంటే నాన్నగారి అమ్మ, ఊరంతా చెప్పుకుని బాధపడేది. పిన్నికి మాత్రం ఆ ఉద్యోగమంటే ప్రాణం.

బడి వరండాలో రెండు కుండలుండేవి. పెద్దకుండకు ఇత్తడి మూత, గ్లాసు, అది మాకు. చిన్నది మెట్ల పక్కన, రైల్వే యార్డులో బొగ్గు మోసేవాళ్ల పిల్లలకు. దానికి గ్లాసు లేదు, ఆయా పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. రెండింట్లోనూ ఒకే కొళాయి నీళ్లు. అంటరానితనం నేరమని మాకు పాఠం కూడా ఉండేది. దాన్ని గడగడా అప్పజెప్పి, బయటికొచ్చి గ్లాసుతో తాగేవాళ్లం. ఎంత సిగ్గులేనితనమో.

నేను ఫస్టు ఫారంలో, అంటే ఆరో తరగతిలో, ఉండగా ఒకరోజు పిన్ని పక్కింటి టాక్సీ బ్యాటరీ అరువు తెచ్చింది. పెద్దకుండ నీళ్లలో చిటికెడు సోడాఉప్పు వేసి, రెండు గొట్టాలు బోర్లించి, తీగలు తగిలించింది. బుడగలు లేచాయి. ఒక గొట్టంలో ఎంత గాలి చేరిందో రెండోదాంట్లో దానికి రెట్టింపు. ఒకటి తానే మండే గాలి, ఇంకొకటి మంటను పెంచే గాలి, రెండూ కూడితే మంటనార్పే నీళ్లు అని చెప్పింది. అగ్గిపుల్ల పెడితే టప్పుమంది, మేం ఉలిక్కిపడి నవ్వాం.

అప్పుడు వెనక బెంచీలోంచి యార్డు పిల్ల ఒకతి లేచింది. "టీచర్, మా కుండ నీళ్లల్లో గూడా ఇవే ఉంటాయా?"

పిన్ని బ్యాటరీ తీగలు ఊడదీసింది. తర్వాత గిన్నె నా చేతికిచ్చి, ఆ కుండ నీళ్లు తెమ్మంది. కుండ దాకా వెళ్లాను. చెయ్యి ముందుకు రాలేదు. ఆ పిల్లే వచ్చి, నా చేతిలోంచి గిన్నె తీసుకుని ముంచుకెళ్లింది. మళ్లీ అవే బుడగలు, అదే లెక్క. పిన్ని చిన్నకుండలో మిగిలిన నీళ్లన్నీ పెద్దకుండలో వంపి, గ్లాసు ఆ పిల్లకిచ్చి తాగమంది.

సాయంత్రం ఈ వింత అంతా నేనే జేజికి చెప్పాను. గొప్పలు పోతూ చెప్పాను. మర్నాటికల్లా అది బడి నడిపే కరస్పాండెంటుగారి ఇంటికి చేరింది. ఆయన పిన్నిని పిలిపించి, పుస్తకంలో ఉండేది చెప్పక కుండల జోలి ఎందుకని అడిగాడట.

"పుస్తకంలో నీళ్లకి ఒకటే పాఠం ఉండాది సార్. ఆ చిన్నకుండకి వేరే పాఠం ఉంటే ఇయ్యండి, అదే చెప్తాను" అందట పిన్ని.

వారం తిరక్కుండా ఉద్యోగం పోయింది. వరండాలోకి కొత్త పెద్దకుండ వచ్చింది, పాతదాన్ని పగలగొట్టించారు. చిన్నకుండ ఎక్కడిదక్కడే ఉంది. యార్డు పిల్ల తర్వాత బడికి రాలేదు. ఏమైందని కనుక్కున్నవాళ్లు లేరు, నాతో సహా.

ఆ తర్వాత ఏ బడీ పిన్నిని తీసుకోలేదు. ఎవరు చెప్పి ఉంటారని ఆమె ఇంట్లో ఒక్కసారీ అడగలేదు. తెలిసే అడగలేదేమో. చెప్పేద్దామని ఎన్నిసార్లు పక్కన కూర్చున్నానో, ఇవాళ కాదులే, రేపు చెప్దామని లేచొచ్చేశాను. అట్లా రేపు రేపంటూనే పిన్ని బతుకంతా గడిచిపోయింది.