ఈశ్వరి బొమ్మల పుస్తకంలో పాతబావి

రాయదుర్గంలో ఈశ్వరి జీన్సు ప్యాంట్లు కుట్టే మనిషి. ఊర్లో పిల్లోళ్లకు మాత్రం బొమ్మలక్క. వారమంతా మిషను మీద నడుం విరగ్గొట్టుకొని, ఆదివారం బొమ్మల కథలు గీస్తాది. మామూలు కథలు గాదు. పేజీ కింద ప్రశ్న ఉంటాది. గుట్ట ఎక్కుతావా, ఈ పేజీకి పో. వంకలో దిగుతావా, ఆ పేజీకి పో. దారి చదివేవాళ్ల ఇష్టం. జిరాక్సు తీసి కుట్టి ఇస్తే చాలు, పిల్లోళ్లు జుట్టూ జుట్టూ పట్టుకుంటారు.

రాజులూ కోటలూ ఎవరిక్కావాలప్పా అని, ఈసారి తన ఊరే గీసింది. మేకపిల్ల తప్పిపోయింది, వెతకాల. గుట్ట, వంక, ఊరిబయట ఎండిపోయిన పాతబావి, అన్నీ ఉన్నవి ఉన్నట్టే దించింది. బావిలో దిగినోళ్లకు మేకపిల్ల దొరుకుతాది. అదొక్కటే కల్పన.

ఒక ఆదివారం సాయంత్రం ఎలిజబెత్ పరిగెత్తుకుంటా వచ్చింది. ఇద్దరివీ పక్కపక్క మిషన్లు.

"మా సారా ఈడ ఉండాదా?"

"లేదే. ఏమైందక్కా?"

"మేకపిల్ల కనపళ్లేదని ఏడ్చి, నీ పుస్తకం పట్టుకొని పోయింది. మేకపిల్ల ఇంటికొచ్చింది. ఇది రాలే."

ఈశ్వరికి బావి పేజీ గుర్తొచ్చింది. సారాకు తొమ్మిదేళ్లు. పుస్తకంలో ఉందంటే ఇంక ఎవరి మాటా వినే పిల్ల గాదు. ఆ బావి మెట్లు సగానికే ఉండాయి, మిగతా సగం ఎప్పుడో కూలిపోయినాయి. తల్లికి ఆ మాట చెప్పకుండానే ఆమెను వెంటబెట్టుకొని ఊరి బయటికి ఉరికింది.

దారిలో గొర్రెల తిప్పయ్య ఎదురైనాడు. "మామా, మోకు తీసుకొని పాతబావి కాడికి రా" అనింది ఈశ్వరి. ఆమె మొగం చూసి ఆయన మోకు కోసం ఇంటి వైపు ఉరికినాడు.

ఊరి బయట బాట రెండుగా చీలింది. వెలుతురు తగ్గిపోతాంది. ఎలిజబెత్ గుట్ట వైపు తిరిగింది. "దానికి బావంటే బయం. గుట్టకే పోయింటాది."

ఈశ్వరి రెండు బాటల వైపూ చూసింది. తప్పు బాట పడితే తిరిగొచ్చేలోగా చీకటి పడతాది. అప్పుడు కనపడింది, చీలిక కాడ ఒక చిన్న చెప్పు. ఈ పుస్తకాలు చదివేటప్పుడు పిల్లోళ్లు దారి చీలిన పేజీలో వేలు పెట్టుకొని ముందుకు పోతారు. బాగలేకపోతే వెనక్కొచ్చి రెండో దారి పడతారు. దొంగ ముండలు, ఒక్కరూ ఓడిపోరు. సారా వేలికి బదులు చెప్పు పెట్టిపోయింది. బావి బాట దుమ్ములో ఒక పాదం చెప్పుతో పడింది, ఒకటి ఉత్తది.

"గుట్ట గాదక్కా" అని ఈశ్వరి పరుగెత్తింది.

బావిలోకి తొంగి పిలిస్తే సన్నగా "అమ్మా" అని వినపడింది. కూలినచోట మిగిలిన రాతి మీద, గోడను కరుచుకొని కూచోనుంది పిల్ల. ఎలిజబెత్ దిగబోతే, మోకుతో వచ్చిన తిప్పయ్య ఆమె రెట్ట పట్టి ఆపినాడు. మోకు నడుముకు చుట్టుకొని, ఇంకో కొస ఆయన చేతికిచ్చి ఈశ్వరే దిగింది. కాలి కింద రాయి ఒకటి జారింది. అడుగున పడిన చప్పుడు చానాసేపటికి వచ్చింది. ఎట్లో పిల్లను చంకకెత్తుకుంది.

పైకొచ్చినాక ఎలిజబెత్ బిడ్డ వీపు మీద ఒకటేసి, గుండెకు అదుముకొని ఏడ్చింది. ఈశ్వరి ఏదో చెప్పబోయింది.

"నువ్వు మాట్లాడొద్దు" అనింది ఎలిజబెత్.

సారానే ఎక్కిళ్ల మధ్య అనింది, "తప్పు దారైతే ఎనక్కి వచ్చేద్దామనుకున్నా అక్కా. రానీకి కాలే."

ఆ మాటతో ఈశ్వరికి కంటికి కునుకు లేకుండా పోయింది. ఇంటింటికీ తిరిగి పుస్తకాలన్నీ వెనక్కి తెచ్చుకుంది. బావి పేజీ మళ్లీ గీసింది. మేకపిల్లను తీసేసింది. కూలిన మెట్లు, వాటి కింద నలుపు, అంతే.

కొత్తది చేతికొచ్చినప్పుడు పిల్లోళ్లు ఆ పేజీ కాడ ఆగిపోయినారు. కిందా మీదా చూసినారు.

"అక్కా, ఈడినుంచి యాడికి పోవాల్నో పేజీ నంబరు ఎయ్యడం మర్చిపోయినావు."

ఈశ్వరి నోరు తెరిచేలోగా సారా చెప్పింది.

"మర్చిపోలేదు."