దొప్పమాడ

ఆ బంగారు మాడను మార్చింది మా పిన్ని కాదు. దాన్ని సుత్తితో కొట్టి చదును చేసింది నేను. తొమ్మిదేళ్ళప్పుడు చెప్పాల్సిన ఈ రెండు ముక్కలూ చెప్పలేదు. మా చుట్టాల్లో ఇప్పటికీ పిన్నినే అనేవాళ్ళున్నారు. వాళ్ళందరూ చదవాలనే రాస్తున్నాను.

మొన్న ఇక్కడ అమెరికాలో, ఎడిసన్‌లో సుధ అపార్ట్‌మెంట్ తలుపు తీయగానే కాల్చిన వస కొమ్ము వాసన తగిలింది. సుధ మా పిన్ని కూతురు. తనకు పాప పుట్టిందని పిన్ని ఇండియా నుంచి వచ్చింది. ఆ ఘాటు నన్ను సుధ పుట్టిన ఎండాకాలానికి లాక్కుపోయింది: బాలింత గదిలోంచి వచ్చే సాంబ్రాణి పొగ, శొంఠీ మిరియాలూ బెల్లం వేసి ఉడికించే కాయం వాసన, పెరట్లో తీగ మీద ఆరే పొత్తిగుడ్డలు, వాటి కింద కూర్చుని సోడా మూతల్ని రాయితో చదును చేసి, రెండు బెజ్జాలు పొడిచి, దారం ఎక్కించి రుయ్యిమని తిప్పే మా పిల్లమూక.

నాయనమ్మ దగ్గర ఏ రాజుల కాలానిదో ఒక బంగారు నాణెం ఉండేది. బిళ్ళలా కాక చిన్న దొప్పలా గుంటపడి ఉండటంతో దాన్ని దొప్పమాడ అనేవాళ్ళం. లోపల తామరపువ్వు, చుట్టూ ముద్రలు, వెనక వైపు ఉత్త నున్నన. ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా అందులోనే తేనె వేసి, మాటలు బాగా రావాలని వస రంగరించి పోసేవాళ్ళు. చూపు మసకబారిన నాయనమ్మ గుంటలో బొటనవేలు ఆనించి, "ఆఁ, మనదే" అని పెట్టెలో దాచేది.

ఒక మధ్యాహ్నం పిన్ని దాన్ని కడిగి కిటికీలో పెట్టింది. నా కంటికది సొట్టపోయిన సోడా మూత. వంకర తీస్తే నాయనమ్మ మెచ్చుకుంటుందనుకుని రోటి పక్క రాతి మీద పెట్టి కొట్టాను. మెత్తటి బంగారం, ఇట్టే పరుచుకుంది. తామర అలుక్కుపోయింది. భయమేసి కిటికీలోనే పెట్టేశాను.

సాయంత్రం నాయనమ్మ బొటనవేలికి గుంట తగల్లేదు. "ఇది మనది కాదు. ఎవరు మార్చారే?" అంది. చివరగా వాడింది పిన్ని. కంసాలికి చూపిద్దామని బాబాయి అంటే, ఇంటి గుట్టు బజారున పడుతుందని నాన్న ఒప్పుకోలేదు. "నా బిడ్డ మీద ఒట్టు అత్తయ్యా" అని పిన్ని ఏడుస్తుంటే నేను కంచంలో అన్నం కలుపుకుంటూనే ఉన్నాను. బాబాయి వేరు కాపురం పెట్టాడు. ఆ బిళ్ళను తర్వాత కరిగించేశారు.

ఆ మధ్య న్యూజెర్సీలో ఒక నాణేల ప్రదర్శనలో అచ్చం అలాంటిదే చూశాను. పక్కన అట్ట మీద రాసి ఉంది: బంగారు రేకును దిమ్మె మీద పెట్టి, తామరకొకటి, సింహానికొకటి, అక్షరానికొకటి విడివిడి ముద్రలు కొట్టేవారట, ఒకవైపే పడ్డ దెబ్బలకు రేకు తనంతట తనే గుంటపడేదట. తూచి తీసుకునేవారు కాబట్టి ఆకారం ఎలా ఉన్నా చెల్లేదట. మా ఇంట్లో ఎవరూ తూచలేదు. ఆ అద్దాల పెట్టె ముందు నిలబడి, పిన్నికి చెప్పి తీరాలనుకున్నాను.

"తేనె అస్సలు వద్దన్నారమ్మా పీడియాట్రిషన్! వస కూడా అడిగి చెప్తాను, ఆగు" అంటోంది సుధ, నేను లోపలికి వెళ్ళేసరికి. పిన్ని ముందు మందు సీసాతో వచ్చిన ప్లాస్టిక్ కప్పు ఉంది.

"నీకు తేనెలోనే పోశానే. మీ ఆయన్ని ఒక్క మాట మాట్లాడనిస్తున్నావా ఇప్పుడు?"

నింద నలుగురిలో వేశారు, చాటుగా చెప్పదలచుకోలేదు. సుధ ముందే అంతా చెప్పాను. పిన్ని చేయి సానరాయి మీద ఆగిపోయింది.

"ఏ పెళ్ళికెళ్ళినా నగలున్న గదిలోకి నన్ను రానిచ్చేవాళ్ళు కాదురా" అంది. ప్లాస్టిక్ కప్పును పక్కకు జరిపి నా వైపు తిరిగింది.

"ఇన్నాళ్ళూ నోరు పెగల్లేదా? మీ అమ్మ నీకు వస పోయలేదట్రా?"

"పోసింది పిన్నీ, ఆ దొప్పమాడలోనే. దాన్ని పాడు చేసిందీ, నువ్వు ఏడుస్తుంటే అన్నం తిన్నదీ నేనే. నన్ను క్షమించు."