నా పేరు చెప్పున్రి, చాలు

పనికి మనిషిని అడగడానికీ, మనిషిని సూచించడానికీ ఒక మర్యాద ఉంటుందన్న ఆలోచనే మా జహీరాబాద్‌లో ఎవరికీ ఉండేది కాదు. ఎనభైల మధ్యలో పెళ్లిళ్లకు వీడియో తీయించడం మొదలైంది. కెమెరా పట్టేవాడు, లైటు పట్టేవాడు, వైర్లు మోసేవాడు ఒక జట్టుగా బీదర్ నుంచో హైదరాబాద్ నుంచో రావాలి. ఎవరిని పిలవాలన్నది బస్టాండు ఎదుటి చాయ్ హోటల్లో తేలేది. అడిగేవాడు తనకేం కావాలో సరిగా చెప్పడు. అతని మాట పూర్తికాకముందే నాలుగు బల్లల నుంచి బావమరుదుల పేర్లు వచ్చిపడతాయి. "నా పేరు చెప్పున్రి, చాలు" అన్నదే సిఫారసు.

రాసిపెట్టుకోవడం నా అలవాటు. ఎవరు ఎవరిని సూచించారు, సూచించినవాడు ఆ పనితనాన్ని కళ్లారా చూశాడా లేదా అన్నది డైరీలో ఎక్కించేవాణ్ణి. ప్రతి సిఫారసు ఎదుటా 'చూడలేదు' అని రాసి రాసి నాకు రోత పుట్టింది.

నేను పనిచేసిన చక్కెర మిల్లులో, చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర నాకొక మిత్రుడు ఉండేవాడు. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు. అతని చెల్లెలి పెళ్లి కుదిరింది. వీడియో మీద అతనికి మోజేమీ లేదు. కావలసింది ఒక్కటే, వాళ్లమ్మ ఢోలక్ వాయిస్తూ పాడే పెళ్లిపాటలు. ఆ ఇంట్లో అవి పూర్తిగా వచ్చినది ఆమె ఒక్కతికే. ఆమె చేతులకు అప్పటికే వణుకు వచ్చింది. ఇక మరో పెళ్లికి ఆమె ఢోలక్ పట్టజాలదని అందరికీ తెలుసు. ఆడవాళ్ల వైపు పరాయి మగవాడు అడుగుపెట్టకూడదు కనుక కెమెరా పట్టేది ఆడమనిషే కావాలి.

హోటల్లో అతను ఇదంతా విడమరచి చెప్పాడు. అల్లం కమీషన్ వ్యాపారం చేసే ఒక సేటు పాన్‌ను ఒక బుగ్గ నుంచి మరో బుగ్గకు మార్చి, బీదర్‌లో తన బావమరిదికి జట్టు ఉందనీ, అతని భార్య కూడా కెమెరా పడుతుందనీ అన్నాడు.

"ఆమె తీసింది మీరు చూసిన్రా?" అని అడిగాను.

"చూసుడెందుకు సార్? నా బామ్మర్ది పెండ్లాం గాదా."

"వస్తదో రాదో ఆమెను అడిగిన్రా?"

"నేను చెప్తె రాకుంటదా?" అని సేటు నా మిత్రుడి వైపు తిరిగాడు. "ఏం భాయ్, సార్‌కు లేకుంటే లేకపాయె, నీకన్న నా మాట మీద భరోసా ఉన్నదా లేదా?"

నలుగురిలో ఇచ్చిన సిఫారసును కాదనడం ఇచ్చినవాడి ముఖాన ఉమ్మడంతో సమానమని మా ఊరి లెక్క. నా మిత్రుడు గుండె మీద చేయి పెట్టుకుని కృతజ్ఞత చెప్పాడు. బయటికి వచ్చాక, బీదర్ పోయి ఒకసారి చూసి రమ్మన్నాను.

"వద్దన్నా. సేటుకు తెలిస్తే ఇజ్జత్ తీసిన్రు అనుకుంటడు."

తల్లి పాట కంటే అల్లం సేటు ఇజ్జత్ బరువైంది.

పెళ్లినాడు జీపులోంచి ముగ్గురు మగవాళ్లు దిగారు. ఆడమనిషి ఏదని అడిగితే బావమరిది నవ్వాడు. తన భార్య ఏనాడూ కెమెరా ముట్టలేదట. "బావ గట్లనే చెప్తడు సార్, ఆయనకు అలవాటే" అన్నాడు. ఆ పూట మరో జట్టు ఎక్కడ దొరుకుతుంది? పరదా వెనుక నుంచి తల్లి, ఆ అమ్మాయి వచ్చిందా అని కబురు మీద కబురు పంపింది. చివరికి ఆమె ఎదురుచూడడం మాని పాట ఎత్తుకుంది. ఇవతల ఆ ముగ్గురూ బిర్యానీ తినే మగవాళ్ల దవడలు తీస్తూ ఉన్నారు.

సేటు కూడా విందుకు వచ్చాడు. కడుపునిండా తిని, నన్ను పిలిచి, తన పేరు చెబితే జట్టు ఎట్లా ఉరికొచ్చిందో చూశారా అని అడిగాడు. ఆడమనిషి రాలేదన్నాను. మనిషి ఎవరైతేనేం, పెళ్లయితే అయింది కదా అని, పాన్ రసం పందిరి గుంజ మీద ఉమ్మి వెళ్లిపోయాడు.

తరువాత ఆ టేపు వాళ్లింటి ముందుగదిలో వేశారు. నేనూ చూశాను. తల్లి లోపలిగది తలుపు వెనుక నిలబడి విన్నది. ఒకచోట కెమెరాను ఎవరో బల్ల మీద ఆనించి మరచినట్టున్నారు. తెర నిండా ఆకుపచ్చ పరదా, వెనుక నుంచి ఢోలక్, సన్నగా ఆమె గొంతు. అంతలోనే దాన్ని ముంచేస్తూ, మంచుగడ్డ కోసం ఇద్దరు మగవాళ్ల కొట్లాట. ఆ భాగాన్ని మళ్లీ వేయమని తలుపు వెనుక నుంచి ఆమె అడిగింది. మళ్లీ వేశారు. మంచుగడ్డ మాటలే వినిపించాయి. ఇక చాలన్నది.

కొన్నాళ్లకు అదే హోటల్లో మొగుడంపల్లి రైతు ఒకాయన వీడియోకు జట్టు కావాలని అడిగాడు. సేటు వెంటనే బావమరిది పేరు చెప్పి, కావాలంటే భాయ్‌ని అడగమని నా మిత్రుణ్ణి చూపించాడు. హోటల్ అంతా అతని వైపు చూసింది. నేను కూడా చూశాను.

అతను గ్లాసు కింద పెట్టాడు. "మంచిగనే తీసిన్రు" అన్నాడు.

నేను చాయ్ సగంలో వదిలి లేచాను. ఇంటికి వచ్చి నా మిత్రుడి సిఫారసును కూడా డైరీలో రాశాను. సూచించినవాడు పనితనం చూశాడా అన్నదాని ఎదుట, మొట్టమొదటిసారి, 'చూశాడు' అని రాయవలసి వచ్చింది.